టక్‌మన్న ప్రతి కారుకీ బ్యాటరీ మార్చక్కర్లేదు

సంపాదకుల వారికి నమస్కారం.

మూడు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో కారు యజమానులకు చిట్కాలంటూ అరపేజీ వేశారు. అందులో ఒకటి ఇలా ఉంది: తాళం తిప్పితే టక్‌మని శబ్దం వచ్చి ఇంజను తిరగకపోతే బ్యాటరీ అయిపోయినట్టే, మార్చుకోవాలి. అంతే, ఒక్క వాక్యం. అలాంటి ఒక్క వాక్యాలు నమ్మి ఈ ఏడాది నేను 10,800 రూపాయలు తగలేశాను. చివరికి తేలిన జబ్బుకి మందు ఖరీదు 180 రూపాయలు. అందుకే ఈ ఉత్తరం. పొడుగైతే కత్తిరించుకోండి గానీ వోల్టుల లెక్కలు మాత్రం ఉంచండి.

ముందు నా సంగతి. మాది అంబాజీపేట పక్క పల్లె. 1979లో టెలిఫోన్ శాఖలో చేరి 2014లో రిటైరయ్యాను. మొదట్లో పనిచేసింది పాత స్ట్రౌజర్ ఎక్స్ఛేంజిలో, అంటే ఆపరేటరు లేకుండా యంత్రపు మీటలే ఫోన్లు కలిపేచోట. అక్కడ ప్రతి ఫోన్ కాలూ చప్పుళ్ల వరసే. అవతల ఎవరో రిసీవరు ఎత్తితే ఒక టక్కు, నంబరు తిప్పితే అంకెకి అన్ని టక్కులు. రాత్రి డ్యూటీలో కళ్లు మూసుకుని కూర్చున్నా, ఏ వరసలో రిలే, అంటే కరెంటుతో పడే మీట, సరిగ్గా పడలేదో చెవికి తెలిసిపోయేది. పక్కగదిలో బ్యాటరీలుండేవి. రెండేసి వోల్టుల సెల్లులు 24, మొత్తం 48 వోల్టులు. వాటి టెర్మినళ్లకి వాజెలిన్ రాయడం, హైడ్రోమీటరుతో యాసిడ్ సాంద్రత చూసి రిజిస్టరులో రాయడం నా పనే. 1996 నవంబరు 6 తుపాను రాత్రి కరెంటు స్తంభాలన్నీ పడిపోయాక ఎక్స్ఛేంజి ఆ సెల్లుల మీదే నడిచింది. బయట మోగడానికి ఒక్క లైనూ మిగల్లేదు, అది వేరే విషయం. ఇదంతా గొప్పకి చెప్పడం లేదు. ఇంత అనుభవం ఉన్నవాడిని కూడా నా కారు మూడుసార్లు వెర్రివాణ్ణి చేసిందని చెప్పడానికి.

కారు చిన్నది, పెట్రోలుది, పదకొండేళ్ల పాతది. పిల్లలు హైదరాబాదులో ఉంటారు కాబట్టి దానికి పని తక్కువ. పది పదిహేను రోజులకోసారి బయటికి తీస్తాం. పెరట్లో రేకుల షెడ్డు కింద ఉంటుంది. కొబ్బరిచెట్టు నీడ చల్లగా ఉంటుందని దానికింద పెట్టేంత ధైర్యం కోనసీమలో ఎవరికీ ఉండదు లెండి.

గత మాఘమాసంలో, అంతర్వేది తీర్థం జనం పలచబడ్డాక, మా ఆవిణ్ణీ మా వదినగారినీ తీసుకుని గన్నవరం అక్విడక్టు దాటి, రాజోలు, మలికిపురం మీదుగా అంతర్వేది వెళ్లాను. దర్శనమయింది. గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసేచోట కాసేపు నిలబడ్డాం. చీకటి పడ్డాక వచ్చి తాళం తిప్పితే, టక్. ఒక్కటే. మళ్లీ తిప్పితే మళ్లీ ఒక్క టక్. ఇంజను కదల్లేదు. హెడ్‌లైట్లు వేసి చూశాను. తెల్లగా, నిండుగా వెలుగుతున్నాయి. తాళం తిప్పినప్పుడు కూడా మసకబారలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను. అక్కడున్న కుర్రాళ్లు నలుగురు "తోసేద్దామండి, ఆయ్" అని చేతులేశారు. రెండో గేరులో క్లచ్ నొక్కి ఉంచి, బండి ఊపందుకోగానే వదిలాను. స్టార్టయింది. ఆటోమేటిక్ గేర్ల బండి అయితే ఈ వైద్యం కుదరదు, రాత్రంతా అక్కడే ఉండేవాళ్లం.

మర్నాడు టౌన్లో ఒక షెడ్డుకి తీసుకెళ్లాను. పేరు అనవసరం. అక్కడి కుర్రాడు మంచివాడే. విన్నాడు, లైట్లు వేసి తాళం తిప్పాడు. "లైట్లు డౌను అవట్లేదంటే బ్యాటరీ బాగుందండి. సెల్ఫ్ మోటారు పోయింది" అన్నాడు. తర్కం తప్పని అనలేను. అక్కడిదాకా సరైనదే. సెల్ఫ్ మోటారు అంటే ఇంజనుని మొదట తిప్పి లేపే మోటారు. దానికి మజూరీతో కలిపి 6,500. పాత మోటారు ఇచ్చేస్తే 500 తగ్గిస్తానన్నాడు. ఇవ్వలేదు. మార్చిన సామాను స్టోరుకి జమచేసిన అలవాటు, చేయి రాలేదు. గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను.

తొమ్మిది రోజులు బండి చిలకలా పలికింది. పదో రోజు మా పెరట్లోనే, టక్.

ఈసారి అదే కుర్రాడు ఇంటికి వచ్చి బ్యాటరీకి మీటరు పెట్టాడు. 12.1 చూపించింది. "అదిగోనండి, బ్యాటరీ వీకు" అన్నాడు. 12.1 అంటే నిజంగానే సగానికి తక్కువ. బాగా చార్జయి, ఒక పూట కదలకుండా ఉన్న బ్యాటరీ 12.6 చూపిస్తుంది. 12.4 అంటే ముప్పాతిక. 12.2 అంటే సగం. పన్నెండుకి దిగితే పావువంతే మిగిలినట్టు. ఈ లెక్క నాకూ తెలుసు కాబట్టి తలూపాను. కొత్త బ్యాటరీ 4,300. ఆ బ్యాటరీ ఎందుకు వీకయిందని మాత్రం అతనూ అడగలేదు, నేనూ అడగలేదు. ఎక్స్ఛేంజిలో ఒక సెల్లు దిగిపోతే కారణం రాయకుండా రిజిస్టరులో సంతకం పెట్టనిచ్చేవారు కాదు. నా సొంత పెరట్లో నా మీద ఇంజనీరు ఎవరూ లేరు మరి.

ఇక్కడ ఆ టక్కు ఏమిటో చెప్పాలి. తాళం తిప్పినప్పుడు మనం మోటారుకి నేరుగా కరెంటు పంపడం లేదు. సన్నవైరులో కొద్దిపాటి కరెంటు వెళ్లి సెల్ఫ్ మోటారు వీపు మీదున్న సోలినాయిడ్ అనే విద్యుదయస్కాంతాన్ని లేపుతుంది. అందులోని ఇనప కడ్డీ లోపలికి దూకి రెండు పనులు చేస్తుంది. ఒకటి, పళ్లచక్రాన్ని ముందుకు తోసి ఇంజనుకి ఉన్న ఫ్లైవీలు అనే పెద్ద చక్రం పళ్లలో ఇరికిస్తుంది. రెండు, రాగి బిళ్లల్ని కలిపి బ్యాటరీ నుంచి మోటారుకి పెద్దదారి తెరుస్తుంది. చిన్నకారు మోటారు కూడా ఆ క్షణంలో వంద ఆంపియర్ల పైన లాగేస్తుంది. మనకి వినపడే టక్కు ఆ కడ్డీ దూకిన చప్పుడు. అంటే తాళమూ, సన్నవైరూ, సోలినాయిడ్ చుట్టా పనిచేశాయనీ, పెద్దదారిలోనే ఎక్కడో అడ్డు ఉందనీ అర్థం. ఎక్కడ అన్నది ఆ టక్కు చెప్పదు. మీ చిట్కా రాసినాయన చెప్పేశాడు, అదీ నా గొడవ.

టకటకటకమని మిషను కుట్టినట్టు గబగబా వస్తే మాత్రం ఎక్కువసార్లు బ్యాటరీలో బలం లేకపోవడమో, టెర్మినళ్లు వదులుగా ఉండటమో. కడ్డీ దూకి పెద్దదారి తెరవగానే మోటారు లాగుడికి వోల్టేజి పడిపోతుంది. అయస్కాంతం పట్టు వదిలేస్తుంది, స్ప్రింగు కడ్డీని వెనక్కి లాగేస్తుంది. లాగుడు ఆగగానే వోల్టేజి లేస్తుంది, మళ్లీ దూకుతుంది. మా ఎక్స్ఛేంజిలో బ్యాటరీ దిగినప్పుడు రిలేలు అచ్చం ఇలాగే పళ్లు కొరికేవి. ఈ రకానికి లైట్లు వేసి తాళం తిప్పితే ఆరిపోయేంత మసకబారతాయి. అలాకాక గట్టిగా ఒకే ఒక్క టక్కు వచ్చి, లైట్లు నిండుగానే ఉంటే, కరెంటు మోటారుదాకా చేరడం లేదని అర్థం. సోలినాయిడ్ బిళ్లలు కాలిపోయి ఉండొచ్చు, మోటారులో కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉండొచ్చు, దారిలో వైరు చచ్చి ఉండొచ్చు. ఒక్క టక్కుతో పాటు లైట్లు బాగా దిగిపోతే, మోటారు కరెంటు తాగుతోంది గానీ తిరగలేకపోతోందని. అసలు టక్కే లేకపోతే అది వేరే కథ, తాళం వైపు వెతకాలి.

మా కుర్రాడు రెండో రకాన్ని సరిగ్గానే పట్టాడు, కానీ దారి అంటే ఎర్రవైరు ఒక్కటే అనుకున్నాడు. నేనూ అనుకున్నాను. కరెంటు వెళ్తే సరిపోదు, తిరిగి బ్యాటరీకి రావాలి కదా. మోటారు ఇంజనుకి బిగించి ఉంటుంది. ఇంజనేమో రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, బాడీకి నేరుగా తగలదు. అందుకని బ్యాటరీ మైనస్ నుంచి ఒక వైరు బాడీకి, ఒక మందపాటి వైరు ఇంజనుకో గేరుబాక్సుకో వేస్తారు. ఎర్త్ వైరు అంటాం. మా ఎక్స్ఛేంజిలో తిరగేసి ఉండేది, ప్లస్‌నే భూమికి కలిపేవాళ్లం, భూమిలో కేబుళ్లని తుప్పు తినేయకుండా. కారులో మైనస్. లైట్లకి బాడీ ఎర్తు సరిపోతుంది కాబట్టి ఇంజను ఎర్తు చచ్చినా లైట్లు రాజాలా వెలుగుతాయి. అంతర్వేదిలో నన్ను మోసం చేసింది ఆ వెలుగే.

మూడోసారి ఏప్రిల్లో. మా ఆవిడ రక్తపరీక్షకి అమలాపురం బయల్దేరాం. టక్. ఈసారి షెడ్డుకి ఫోన్ చేయలేదు. బానెట్ ఎత్తి నిలబడి, తాళం తిప్పుతూ ఉండమని ఆవిడకి చెప్పాను. "ఏవండీ, తిప్పుతుంటే ఏదో రబ్బరు కాలిన వాసన వస్తోంది, చూసుకోండి" అంది లోపల్నుంచి. ముక్కు ఆవిడదే ఎప్పుడూ. నేను వంగి అటూ ఇటూ తడుముతుంటే క్లచ్ కేబుల్ చేతికి తగిలింది. వేడిగా ఉంది. చల్లటి ఇంజనులో, పొద్దున్న ఏడింటికి, క్లచ్ కేబుల్‌కి జ్వరమేమిటి? అప్పుడు బుర్రలో దీపం వెలిగింది. వేడి ఉన్నచోట రెసిస్టెన్సు, అంటే కరెంటుకి అడ్డు, ఉంది, కరెంటూ ఉంది. తిరిగి రావడానికి అసలుదారి మూసుకుపోయి, వందకి పైగా ఆంపియర్లు ఆ సన్నటి ఇనప కేబుల్లోంచి ఇంజను నుంచి బాడీకి దూరాలని చూస్తున్నాయి. వరదకి పెద్ద కాలవ పూడిపోతే నీళ్లు బోదెలోంచి పొలంలో పడ్డట్టు. ఇంకో నాలుగుసార్లు తిప్పితే ఆ కేబుల్ పైతొడుగు కరిగేదే.

మల్టీమీటరు తీశాను. టౌన్లో నాలుగైదు వందలకి దొరుకుతుంది, రెండు వైర్లుంటాయి, భయపడాల్సిందేమీ లేదు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, నల్లమొనని బ్యాటరీ మైనస్ పోస్టు మీద, ఎర్రమొనని ఇంజను మీద గీకి శుభ్రంచేసిన ఇనుము దగ్గర ఆనించి, తాళం తిప్పమన్నాను. ఆ రెండింటి మధ్యా నిజానికి తేడా ఉండకూడదు. పావు వోల్టు దాటితే అనుమానించాలి, అర వోల్టు దాటితే జబ్బే. నాకు 4.6 కనపడింది. పన్నెండులో నాలుగున్నర వోల్టులు దారిలోనే తినేస్తే మోటారుకి మిగిలేదేమిటి? రూఢి చేసుకుందామని పక్కింటి రైతు దగ్గర జంపర్ కేబుల్, అంటే ఒక బండి బ్యాటరీ నుంచి ఇంకో బండికి కరెంటు ఇచ్చే తీగల జత, తెచ్చి, నల్లది ఒక్కటే తీసుకుని బ్యాటరీ మైనస్ నుంచి ఇంజను ఇనుముకి పట్టించాను. "ఇప్పుడు తిప్పు" అన్నాను. ఒక్క తిప్పుకి స్టార్టయింది. ఆవిడ లోపల్నుంచి చప్పట్లు కొట్టింది. 10,800 కి ఆ మాత్రం చప్పట్లు రావాల్సిందే.

ఎర్త్ వైరు విప్పి చూస్తే, గేరుబాక్సు దగ్గర లగ్గు, అంటే వైరు చివర బిగించే బిళ్ల, పైకి బాగానే ఉంది. నల్లతొడుగు చీరితే లోపల రాగి తీగలు పచ్చటి పొడి అయిపోయి ఉన్నాయి, నాలుగైదు పోగులు తప్ప. పదకొండేళ్లు తడినేల మీద, సముద్రపు గాలిలో, ఏటా ముంపు నీళ్లు తొక్కుతూ తిరిగిన బండి. అప్పుడు మిగతావన్నీ వాటంతట అవే అతికాయి. మోటారు మార్చినప్పుడు ఆ వైరు కదిలి, ఉన్న పోగులు కొన్నాళ్లు గట్టిగా తగిలాయి, అందుకే తొమ్మిది రోజుల సుఖం. డైనమో ఇచ్చే చార్జింగు కూడా అదే దారిన రావాలి కాబట్టి బ్యాటరీ ఎప్పుడూ అరకడుపుతోనే ఉంది, అందుకే 12.1. బండి నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి. నేను చూసినప్పుడు 13.1. కొత్తవైరు 180 రూపాయలకి వేశాక 14.2. పాత మోటారుని ఇంట్లో బ్యాటరీకి నేరుగా కలిపి చూశాను. గింగిరాలు తిరిగింది.

ఆ కుర్రాడి మీద కోపం లేదు. చెప్పాను, చూపించాను, తల గోక్కున్నాడు. "ఇది నేర్పినోళ్లు లేరండి మాస్టారూ" అన్నాడు. నిజమే. షెడ్డులో చిన్నప్పుడే చేరి పానాలు అందించి నేర్చుకున్న విద్య. దాంతో చేతికి తెలిసింది మార్చేస్తారు. మీటరు ఉంది గానీ బ్యాటరీ మీద పెట్టడానికే. తాళం తిప్పుతుండగా వైరు ఈ చివరికీ ఆ చివరికీ పెట్టాలని ఎవరూ చెప్పలేదు. జిల్లాలో మెకానిక్ సోదరులకి నేను కోరేది ఒక్కటే. ఏది మార్చాలన్నా ముందు మీటరు పెట్టి అంకె మాకు చూపించండి, ఆ తర్వాత సామాను తెప్పించండి. మాలాంటి వాళ్లు కూడా "ఎంతవుతుంది" అని అడిగే ముందు "ఎంత చూపించింది" అని అడగాలి.

బండి ఇంట్లో ఊరికే పెట్టేవాళ్లకి ఇంకో మాట. ఇప్పటి కార్లు నిద్రపోవు. తాళం తీసినా గడియారం, అలారం, కంప్యూటరు కలిసి 30 మిల్లీ ఆంపియర్లయినా తాగుతూ ఉంటాయి. రోజుకి ముప్పాతిక ఆంపియర్-గంట చొప్పున, 35 ఆంపియర్-గంటల చిన్న బ్యాటరీలో ఇరవై రోజులకి సుమారు పద్నాలుగు పోతాయి. తర్వాత ఊళ్లోనే రెండు కిలోమీటర్లు తిప్పితే స్టార్టుకి ఖర్చయింది కూడా సరిగ్గా తిరిగి రాదు. వారానికోసారి రావులపాలెం దాకా వెళ్లి రండి, అరటిగెలల బేరమైనా చూసి రావచ్చు. సీల్డు బ్యాటరీ మీద చార్జి ఉందని చూపించే పచ్చకన్ను చూసి ధీమాగా ఉంటారు కొందరు. ఆ కన్ను ఆరు సెల్లుల్లో ఒక్కదాన్నే చూస్తుంది. మిగతా అయిదు ఎలా ఉన్నాయో దానికి తెలియదు.

టెర్మినళ్ల మీద తెల్లగానో నీలంగానో బూజులాంటి పొడి కట్టి ఉంటే అన్నిటికంటే ముందు అది తీయండి. సగం టక్కులు అక్కడే పోతాయి. ముందు మైనస్ విప్పాలి, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ ఆఖరున. తిరగేస్తే పానా బాడీకి తగిలి నిప్పురవ్వలు వస్తాయి. వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత బ్రష్షుతో రుద్దితే బుసబుసా పొంగి పోతుంది. కళ్లు జాగ్రత్త, అది యాసిడ్ పొడి. మంచినీళ్లతో కడిగి ఆరాక గట్టిగా బిగించి పైన వాజెలిన్ రాయండి.

జంపర్ వేసేటప్పుడు చివరి నల్లక్లిప్పు మన బ్యాటరీకి కాకుండా, దూరంగా ఇంజను ఇనుముకి పట్టించాలి. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ అనే మండే వాయువు ఉంటుంది, ఆఖరి రవ్వ అక్కడ పడకూడదు. ఇంకోటి, సాయం చేస్తామని లారీవాళ్లు వస్తారు, మంచివాళ్లే. పెద్ద లారీలది 24 వోల్టులు. మా బంధువొకాయన సిద్ధాంతం వంతెన దగ్గర అలాగే పెట్టించుకుని కారులో కంప్యూటరు కాల్చుకున్నాడు. ట్రాక్టరు అయితే 12 వోల్టులే, పరవాలేదు.

ఇక వరద. మీ చిట్కాల్లో దీని ఊసే లేకపోవడం నాకు నచ్చలేదు, గోదావరి జిల్లాల్లో అచ్చయ్యే పేపరు కదా. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే లంకల్లో బళ్లు ఎక్కడుంటాయో 2022 జులైలో చూశాం. నీళ్లు దిగాక అందరూ చేసే మొదటి పని తాళం తిప్పి చూడటం. అప్పుడు ఒక్క టక్కు వచ్చి ఇంజను కదలకపోతే, దయచేసి రెండోసారి తిప్పకండి, తొయ్యకండి. ఎయిర్ ఫిల్టరు దాకా నీళ్లెక్కితే సిలిండర్లలోకి వెళ్లి ఉంటాయి. గాలి నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. మోటారు బలవంతంగా తిప్పితే లోపల కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అసలు తాళం ముట్టుకోకముందే బ్యాటరీ మైనస్ విప్పేసి, ఫిల్టరు తీసి చూసి, తడిగా ఉంటే మెకానిక్‌ని ఇంటికే పిలిచి, స్పార్క్ ప్లగ్గులు విప్పించి నీళ్లు బయటికి పోనివ్వాలి. ఆ టక్కు ఆపమని చెప్పే టక్కు. దానికి కొత్త బ్యాటరీ వేస్తే ఇంకా బలంగా ఇంజను విరగ్గొట్టుకోవడమే.

మా చిన్నప్పుడు ఊళ్లో డాక్టరుగారి అంబాసిడర్‌కి ఈ బాధ ఉండేది కాదు. బ్యాటరీ దిగితే డ్రైవరు ముందు బంపరు కంతలోంచి హేండిల్ దూర్చి తిప్పేవాడు. బొటనవేలు మిగతా వేళ్ల వైపే పెట్టి పట్టుకోవాలని, లేకపోతే హేండిల్ ఎదురుతన్నితే వేలు విరుగుతుందని మాకు చెప్పేవాడు. అమెరికాలో 1912లో క్యాడిలాక్ కారుకి కెటరింగ్ అనే ఇంజనీరు చేసిన విద్యుత్ సెల్ఫ్ మోటారు పెట్టాక మెల్లగా ఆ హేండిళ్లు పోయాయి. వేళ్లు మిగిలాయి, టక్కులు వచ్చాయి.

దయచేసి ఆ చిట్కాని సవరించి వేయండి. "బ్యాటరీ మార్చుకోవాలి" అన్నచోట "మీటరు పెట్టించుకోవాలి" అంటే చాలు, స్థలం కూడా ఎక్కువ పట్టదు.

చివరగా ఒక ప్రకటన, ఉచితంగా వేస్తారని ఆశ. నా పాత సెల్ఫ్ మోటారు వరండాలో గోనెసంచిలో అలాగే ఉంది. మా ఆవిడకి ఊడ్చేటప్పుడు అడ్డం. నిక్షేపంలా తిరుగుతుంది. మా ఊరి పోస్టాఫీసులో టెలిఫోన్ మాస్టారి ఇల్లు ఎక్కడని అడిగితే చెబుతారు. కావలసినవారు వచ్చి ఊరికే తీసుకెళ్లవచ్చు. రాబోయే ముందు మాత్రం తాళం తిప్పిస్తూ ఇంజనుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య ఎన్ని వోల్టులు వచ్చాయో కాగితం మీద రాసుకుని రావాలి. పావు వోల్టు దాటితే మోటారు ఇవ్వను, 180 రూపాయల వైరు కొనుక్కోమంటాను.

ఇట్లు,
విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి,
అంబాజీపేట మండలం, కోనసీమ